దాటనిచ్చే పడవ

రోడ్డు మీద ఒక బండి ఇంకో బండిని దాటిందంటే ఆ పని దాదాపు మొత్తం దాటినవాడిదే. ముందున్నవాడు తన దారిన తాను పోతుంటాడు, మహా అయితే కాస్త పక్కకు తప్పుకుంటాడు. నీటి మీద ఈ లెక్క కుదరదు. లారీ వెళ్లిపోయాక రోడ్డు మళ్లీ మామూలే. పడవ వెళ్లిపోయినా అది లేపిన అల మాత్రం అక్కడే ఉంటుంది. పక్క పడవను ఊపుతుంది, గట్టు మట్టిని కోస్తుంది, రేవు మెట్ల మీద బట్టలుతికే మనిషిని తూలిపడేలా చేస్తుంది. పైగా పడవకు బ్రేకు లేదు, గీసిన గీతల మధ్య నడిచే వీలూ లేదు. ప్రవాహం ఒకవైపు, గాలి మరోవైపు లాగుతుంటే దాన్ని తిన్నగా పట్టుకోవడమే ఒక పని. అందుకే ఈ అధ్యాయం ఒక్క విషయం చెప్పదలచుకుంది. ఇరుకు నీటిలో మర్యాదగా దాటడం ఒక్కడి వల్ల అయ్యేది కాదు. వెనకవాడు అడగాలి, ముందువాడు వేగం తగ్గించాలి. మొదటి సగం అందరికీ తోచేదే. రెండో సగమే మనసుకు ఎక్కదు. నన్ను దాటిపోయేవాడి కోసం నేనెందుకు నెమ్మదించాలి అన్న ప్రశ్న అక్కడ అడ్డం పడుతుంది. దానికి జవాబు నీతిబోధలో వెతకక్కర్లేదు, నీటి లెక్కలోనే ఉంది.

అల చెప్పే లెక్క

అమెరికా తూర్పు తీరం వెంట, వర్జీనియాలోని నార్ఫోక్ నుంచి ఫ్లోరిడా దాకా, ఇంట్రాకోస్టల్ వాటర్‌వే అనే జలమార్గం ఉంది. నదులు, ఉప్పునీటి పాయలు, మనుషులు తవ్విన కాలువలు కలిపిన దారి అది. బయటి సముద్రపు పోటు తగలకుండా పడవలు దాంట్లోంచి సాగిపోతాయి. తెరచాప పడవలు ఇంజిన్ వేసుకుని గంటకు 10, 12 కిలోమీటర్ల వేగంతో నింపాదిగా నడుస్తుంటాయి. వాటి వెనకే మూడు నాలుగింతల వేగంతో మోటారు పడవలు వచ్చి పడతాయి. సరుకు బార్జీలు, చేపల పడవలు, గట్టున కట్టేసిన పడవలు అన్నీ ఆ ఇరుకులోనే సర్దుకోవాలి. అక్కడివాళ్లు రేడియోలో తరచూ వాడే మాట ‘స్లో పాస్’. వెనకవాడు ‘నెమ్మదిగా దాటిపోతాను, మీ ఎడమవైపు నుంచి వస్తున్నాను’ అంటాడు. ముందువాడు ‘సరే’ అని ఊరుకోడు, తన ఇంజిన్ వేగం తగ్గిస్తాడు. ఈ రెండో పని ఎందుకు అవసరమో చూద్దాం.

ముందు పడవ గంటకు 10 కిలోమీటర్ల వేగంతో పోతోందనుకోండి. వెనకవాడు పెద్దమనిషి, అల లేపడం ఇష్టం లేదు, 12తో దాటుదామనుకున్నాడు. ఇద్దరి మధ్య తేడా గంటకు 2 కిలోమీటర్లే. వెనక నుంచి మొదలై పూర్తిగా ముందుకు చేరడానికి అతనికి 60 మీటర్లు కలిసి రావాలంటే 108 సెకన్లు పడుతుంది. అంతసేపూ రెండు పడవలు పక్కపక్కనే, 360 మీటర్ల దూరం కాలువంతా ఆక్రమించుకుని పోవాలి. మధ్యలో మలుపు రావచ్చు, ఎదురుగా మరో పడవ రావచ్చు. అందుకని వెనకవాడు విసుగెత్తి ఇంజిన్ పెంచుతాడు, పెంచితే అల లేస్తుంది. ఇప్పుడు ముందువాడు 5కి తగ్గాడనుకోండి. వెనకవాడు 10తోనే దాటొచ్చు, అంటే ఇంతకుముందు ముందువాడు నడిచిన వేగమే, దానికి పెద్ద అల లేవదు. అదే 60 మీటర్లకు 43 సెకన్లు చాలు, పక్కపక్కన నడిచే దూరం 120 మీటర్లకు తగ్గింది. దాటేవాడి ఓర్పు ఒక్కటే తేలేని ఫలితం దాటనిచ్చేవాడు ఇంజిన్ మీద చెయ్యి వేయగానే వచ్చింది. ముందు పడవ వేగం తగ్గించనంతవరకు వెనకవాడికి నెమ్మదిగా దాటే దారే లేదు, అతను ఎంత మంచివాడైనా సరే.

అల విషయంలో ఇంకో చిక్కుంది. అల ఎత్తు రెండింతలైతే దాని శక్తి నాలుగింతలవుతుంది. కాబట్టి అల కాస్త పెరిగిందని తేలిగ్గా తీసుకుంటే దెబ్బ కాస్త పెరగడంతో ఆగదు. వేగంగా పోయే మోటారు పడవలు పూర్తి వేగంలో నీటి పైకి తేలి జారిపోతాయి, బాగా నెమ్మదిస్తే నీటిలో కుదురుగా కూర్చుంటాయి. ఈ రెంటికీ మధ్య, మూతి పైకెత్తి, వెనక భాగమైన అమరం నీటిలో కుంగిన స్థితిలోనే అన్నిటికన్నా పెద్ద అల పుడుతుంది. ‘కొంచెం తగ్గించాను కదా’ అని సంతృప్తిపడే మనిషి తరచుగా ఆ మధ్య స్థితిలోనే దాటుతుంటాడు. సగం మర్యాద ఇక్కడ అమర్యాద కన్నా చెరుపు. తగ్గిస్తే పూర్తిగా తగ్గించాలి, అదీ ముందుగానే. పక్క పడవ దాకా వచ్చి ఒక్కసారిగా తగ్గిస్తే, మీ వెనకే వస్తున్న మీ అల మిమ్మల్ని దాటి వెళ్లి అవతలివాడికి తగులుతుంది.

ఈ అల సంగతి పడవలో కూర్చున్నవాళ్ల సుఖానికి మాత్రమే సంబంధించింది కాదు. వెనిస్‌లో మోటారు పడవల అలలు భవనాల పునాదులను తినేస్తున్నాయని ఎన్నో ఏళ్లుగా గొడవ నడుస్తోంది. దానికి ‘మోటో ఒండోజో’ అని ప్రత్యేకంగా ఒక పేరే ఉంది. తెడ్డు పడవలవాళ్లు ఆ అలల మీద నిరసనగా 1975లో మొదలుపెట్టిన వోగలోంగా అనే యాత్ర నేటికీ సాగుతోంది. ఇంగ్లండ్ ఇరుకు కాలువల్లో వేగ పరిమితి గంటకు 4 మైళ్లు, అంటే మనిషి చురుగ్గా నడిచినంత. అల గట్టుకు కొట్టి విరుగుతుంటే 4 మైళ్ల లోపు కూడా ఎక్కువే అన్నది అక్కడి పడవవాళ్ల కొలత. వేగం సరైనదో కాదో మీటరు చూసి తేల్చుకునే ముందు వెనక్కి తిరిగి గట్టును చూడమంటారు వాళ్లు.

హక్కు అనే మాట లేని నియమాలు

సముద్రానికీ దానితో కలిసిన జలమార్గాలకూ వర్తించే అంతర్జాతీయ నియమాలు 1972లో తయారై, 1977 జూలై 15 నుంచి అమల్లోకి వచ్చాయి. రెండు పడవలు ఢీకొనకుండా ఎవరు ఏం చేయాలో వాటిలో ఉంది. ఆశ్చర్యమేమిటంటే, మనం రోడ్డు మీద అలవాటుగా వాడే ‘దారి హక్కు నాది’ అన్న భావన వాటిలో కనిపించదు. ఇద్దరికీ చెరొక బాధ్యతే ఉంటుంది. తప్పుకోవాల్సిన పడవ తప్పుకోవాలి. రెండో పడవ తన దిశను, వేగాన్ని మార్చకుండా ఉంచాలి. అది హోదా కాదు, అవతలివాడు తన లెక్క వేసుకోవడానికి వీలుగా స్థిరంగా ఉండటమనే పని. అవతలివాడు తప్పుకోవడం లేదని తేలితే స్థిరంగా ఉన్నవాడు కూడా కదలవచ్చు. అవతలివాడు ఒక్కడే తప్పుకున్నా ప్రమాదం ఆగదనే స్థితి వస్తే కదిలి తీరాలి. ‘నాదే న్యాయం’ అని చేతులు కట్టుకుని ఢీకొనేదాకా కూర్చోడానికి ఆ నియమాలు చోటివ్వవు.

దాటే విషయంలో మొదటి బాధ్యత వెనకవాడిదే, అందులో సందేహం లేదు. తాను దాటుతున్నానా లేదా అన్న అనుమానం వచ్చినా దాటుతున్నట్టే భావించాలి. పూర్తిగా దాటి, దూరమైపోయేదాకా ఆ బాధ్యత వీడదు. ఎదురెదురుగా వస్తే ఇద్దరూ కుడివైపుకు తిరగాలి, ఎడమ పక్కలు ఎదురయ్యేలా దాటాలి. ఇరుకు దారిలో కుడి గట్టును వీలైనంత పట్టుకుని పోవాలి. రోడ్డు మీద ఎడమవైపు నడపడానికి చేతులు అలవాటుపడిన మనలాంటివాళ్లు దీన్ని గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. కంగారులో శరీరం పాత అలవాటుకే తిరుగుతుంది. తిరిగేటప్పుడు కూడా అవతలివాడికి కంటికి తెలిసేంత పెద్దగా, ముందుగా తిరగాలి. చిన్న చిన్న మార్పులు వరసగా చేయవద్దని నియమాల్లోనే ఉంది. మీ మనసులో నిర్ణయమైపోయినంత మాత్రాన చాలదు. అది అవతలి పడవ నుంచి చూసేవాడికి కనబడాలి.

ఇక ముందువాడి సంగతి. ఇరుకు దారిలో ముందు పడవ సహకరిస్తేనే దాటగలిగే పరిస్థితి ఉంటే, వెనకవాడు రెండు పొడవు కూతలు వేసి, కుడి నుంచి దాటదలిస్తే ఒక చిన్న కూత, ఎడమ నుంచైతే రెండు చిన్న కూతలు కలపాలి. చిన్న కూత అంటే సెకను, పొడవు కూత అంటే 4 నుంచి 6 సెకన్లు. ముందువాడు ఒప్పుకుంటే పొడవు, చిన్న, పొడవు, చిన్న కూతలతో జవాబివ్వాలి. ఆ తర్వాత, దాటడం భద్రంగా జరిగేలా తగిన చర్య తీసుకోవాలి. ఒప్పుకున్నవాడికి పని ఉందని ఆ నియమం తేల్చి చెబుతోంది. అనుమానంగా ఉంటే అయిదు చిన్న కూతలు వేయొచ్చు. ‘నీ ఉద్దేశం నాకు అర్థం కాలేదు’ అని చెప్పడానికి కూడా ఒక గౌరవమైన పద్ధతి ఉందన్నమాట. అడగడం, ఒప్పుకోవడం, కాదనడం మూడింటికీ భాష ఉన్నచోట మౌనంగా దూసుకుపోవడానికి సాకు మిగలదు.

అడగని చోట ఏం జరిగింది

1989 ఆగస్టు 20 తెల్లవారకముందు లండన్‌లో థేమ్స్ నది మీద మార్షనెస్ అనే విహార నౌకను వెనక నుంచి వచ్చిన బోబెల్ అనే ఇసుక తవ్వే ఓడ ఢీకొంది. 51 మంది చనిపోయారు. రెండు నౌకల్లోనూ సరైన కాపు, అంటే చుట్టూ కనిపెట్టి చూసే పని, లేకపోవడం, ఒకరినొకరు సకాలంలో చూసుకోకపోవడం దర్యాప్తులో బయటపడ్డాయి. 2019 మే 29 రాత్రి బుడాపెస్ట్‌లో డాన్యూబ్ మీద, వాన కురుస్తుండగా, 135 మీటర్ల వైకింగ్ సీజిన్ నౌక 27 మీటర్ల హాబ్లెయాన్ పడవను దాటబోయి మార్గరెట్ వంతెన దగ్గర ఢీకొంది. చిన్న పడవ క్షణాల్లో మునిగింది. అందులో ఉన్న 35 మందిలో ప్రాణాలతో బయటపడింది ఏడుగురే. 2023లో కింది కోర్టు పెద్ద నౌక కెప్టెన్‌ను దోషిగా తేల్చి అయిదున్నరేళ్ల జైలుశిక్ష వేసింది. ముప్పై ఏళ్ల తేడాతో, రెండు వేరు నదుల మీద, కథ ఒకటే. రెండు పడవలూ ఒకే దిశలో పోతున్నాయి, వెనకది పెద్దది, ముందుదానికి సంగతి తెలియదు. వెనక కళ్లు లేని ముందు పడవకు తెలియజేయడం ఎంత పెద్ద విషయమో ఈ చావులే చెబుతున్నాయి.

తెలియజేయడం చాలదు, ఎడం కూడా కావాలి. నౌక కదిలేటప్పుడు దాని పక్కన నీటి మట్టం కొద్దిగా పడిపోతుంది, పక్కనున్నదాన్ని తనవైపు లాక్కుంటుంది. 1911 సెప్టెంబరు 20న ఇంగ్లండ్ దగ్గర సోలెంట్ జలసంధిలో ఒలింపిక్ అనే భారీ ఓడ, హాక్ అనే యుద్ధనౌక పక్కపక్కన నడుస్తుండగా హాక్ దిశ తప్పి ఒలింపిక్ పక్కలోకి దూసుకుపోయింది. పెద్ద ఓడ లాగుడే దానికి కారణమని కోర్టు ఒప్పుకుని తప్పు ఒలింపిక్‌దే అంది. అప్పుడు ఒలింపిక్ కెప్టెన్ ఏడాది లోపే టైటానిక్‌తో మునిగిపోయిన ఎడ్వర్డ్ స్మిత్. అంత అనుభవం ఉన్న మనిషి ఓడ పక్కన జరిగిన విషయమిది. వేగం పెరిగే కొద్దీ ఆ లాగుడూ పెరుగుతుంది. ఇద్దరినీ వేగం తగ్గించమనడం వెనక ఈ కారణం కూడా ఉంది.

ఎదురు వాదనలు

‘దిశ, వేగం మార్చకూడదని నియమం చెబుతుంటే నన్ను నెమ్మదించమంటారేమిటి’ అని ముందువాడు అడగవచ్చు. ఇది బలమైన ప్రశ్న. ఏ మాటా లేకుండా, వెనకవాడి మనసు ఊహించుకుని హఠాత్తుగా వేగం తగ్గించడం నిజంగానే ప్రమాదం. వెనకవాడు వేసుకున్న లెక్క తప్పుతుంది. కాబట్టి క్రమం ముఖ్యం. ముందు మాట, తర్వాత మార్పు. రేడియోలోనో, కూతతోనో, చెయ్యి ఊపో ఒప్పందం కుదిరాక వేగం తగ్గిస్తే అది నియమాన్ని ఉల్లంఘించడం కాదు, నియమం కోరిన ‘తగిన చర్య’. మాట కుదరకపోతే మీ దారిన స్థిరంగా సాగండి, దాటే భారం వెనకవాడిదే.

‘నెమ్మదిస్తే నా పడవ అదుపు తప్పుతుంది’ అనేది రెండో అభ్యంతరం. ఇదీ నిజమే. చుక్కాని పనిచేయాలంటే దాని పక్క నుంచి నీరు పారాలి. పూర్తిగా ఆపేస్తే పడవ ప్రవాహం పాలవుతుంది. అందుకే ఆపమని ఎవరూ అనరు, చుక్కాని మాట వినేంత వేగానికి తగ్గమంటారు. వాలులో, అంటే ప్రవాహంతో పాటు పోయే బరువు పడవకు అదీ కష్టమే. అమెరికా లోతట్టు జలమార్గాల నియమాల్లో కొన్ని పెద్ద నదుల మీద దిగువకు వచ్చే నౌకకు ఎగువకు పోయేదాని మీద ప్రాధాన్యం ఇచ్చారు. ఎక్కడ, ఎలా దాటుకోవాలో ప్రతిపాదించే పని కూడా దానికే అప్పగించారు. బలం ఉన్నవాడికి కాక, ఆగలేనివాడికి దక్కిన ప్రాధాన్యం అది. మీరు తగ్గలేని స్థితిలో ఉంటే ‘ఇక్కడ వద్దు, ఆ మలుపు దాటాక’ అని చెప్పండి. వెనకవాడు ఆగాలి. కాదనడం కూడా మర్యాదే, ముందుగా చెబితే.

‘ఇవన్నీ రేడియోలున్న విదేశీ పడవల సంగతులు’ అనేది మూడోది. గోదావరి మీద పాపికొండల ఇరుకులో విహార లాంచీకి ఎదురయ్యే నాటు పడవలోనో, కృష్ణలో వల వేసే పుట్టిలోనో, కొల్లేటి దోనెలోనో రేడియో ఉండకపోవచ్చు. కానీ లెక్క మారలేదు, భారం చేతులు మారింది అంతే. ఇంజిన్ లేని మనిషికి తగ్గించడానికి వేగమే లేదు. అతను ఇవ్వగలిగిన సహకారం ఒక చూపు, ఒక చేతి సైగ. కాబట్టి అతని వాటా కూడా లాంచీ నడిపే సరంగే మోయాలి. దూరం నుంచే ఇంజిన్ తగ్గించాలి, వల ఎటు పరిచాడో కనుక్కోవాలి, అతను తలెత్తి చూసి చెయ్యి ఊపేదాకా పక్కకు రాకూడదు. అంతర్జాతీయ నియమాల్లోనూ మామూలు ఇంజిన్ నౌక చేపలు పట్టే నౌకకు, తెరచాప నౌకకు తప్పుకోవాలి. ఎవరు తేలిగ్గా కదలగలరో వాళ్లే ముందు కదలాలన్నది అన్ని చోట్లా ఉన్న తర్కం.

చివరగా, ‘ఇలా తగ్గుతూ పోతే అందరూ నన్ను దాటిపోతారు, నా ప్రయాణం ఏం కావాలి’ అనేవాళ్లుంటారు. పై లెక్కనే మళ్లీ చూడండి. 43 సెకన్లు సగం వేగంతో పోతే మీకు నష్టమయ్యే దూరం 60 మీటర్లు. మీ మామూలు వేగంలో అది 22 సెకన్ల ప్రయాణం. రోజుకు పది పడవలను దాటనిచ్చినా నాలుగు నిమిషాలు పోతాయి. ఆ నాలుగు నిమిషాలు మిగుల్చుకోవడానికి పది పెద్ద అలలు తినాలి, లోపల పొయ్యి మీద గిన్నె పది సార్లు పట్టుకోవాలి. లాభనష్టాలు చూసుకునేవాడికైనా తగ్గడమే గిట్టుబాటు.

అలవాటు చేసుకోవలసింది

మీరు వెనకవాడైతే, అల ముందు పడవను చేరని దూరంలోనే వేగం తగ్గించండి. ఏ పక్క నుంచి దాటుతారో చెప్పి, జవాబు కోసం ఆగండి. జవాబు రాకపోతే అది ఒప్పుకోలు కాదు. దాటేటప్పుడు నీటి లోతు అనుమతించినంత ఎడం ఉంచండి. దాటాక కూడా కాసేపు అదే వేగంతో పోయి, వెనక్కి చూసి, మీ అల ఎవరికీ తగలదని తేలాకే ఇంజిన్ పెంచండి. మీరు ముందువాడైతే, అప్పుడప్పుడూ వెనక్కి చూడటమే మొదటి మర్యాద, వెనకవాడు అడిగేదాకా అతను ఉన్నాడని తెలియకపోవడం కాపు లోపం. జవాబిచ్చాక, చుక్కాని పనిచేసేంత వేగానికి తగ్గి, దిశ మార్చకుండా ఉండండి. అతని అమరం మిమ్మల్ని దాటగానే మీ పడవ ముక్కును మెల్లగా అతని వెనక నీటికేసి మళ్లించండి. అలకు పక్క చూపించిన పడవ ఊగినంతగా ముక్కు చూపించిన పడవ ఊగదు. కట్టేసిన పడవల దగ్గర, స్నానాల రేవుల దగ్గర, మనుషులు పడవెక్కుతున్న చోట ఎవరూ అడగకపోయినా తగ్గించండి. వాళ్లు మీకు జవాబిచ్చే స్థితిలో ఉండరు.

ఈ పద్ధతి ఇంజిన్లతో పుట్టింది కాదు. ఇంగ్లండ్ కాలువల్లో గుర్రాలు గట్టు మీద నడుస్తూ తాళ్లతో పడవలను లాగిన రోజుల్లో, గట్టు ఒకటే, తాళ్లు రెండు. రెండు పడవలు ఎదురైతే ఒకడు తన గుర్రాన్ని నిలిపేవాడు. బిగువు పోయిన తాడు నీటి అడుగుకు దిగేది. అవతలి పడవ ఆ తాడు మీదుగా తేలి వెళ్లిపోయేది. ఇద్దరూ తాళ్లు బిగించి పట్టుకుంటే తాళ్లు పెనవేసుకుని రెండు పడవలూ అక్కడే నిలిచిపోయేవి. తాడు వదులు చేసినవాడి పడవ మాత్రం ఆగేది కాదు. అప్పటిదాకా నడిచిన ఊపుతో నీటి మీద మెల్లగా ముందుకు జారుతూనే ఉండేది.